ఆగి ఉన్న లారీని మా కారు వెనక నుంచి గుద్దింది, తప్పు ఇద్దరిదీ అంటే అందరికీ పరిహారం సగమేనా?

గోదారి గాలి:
అందరికీ నమస్కారం అండి, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మూడు నెలల కింద మా అన్నయ్య వదిన అమ్మ అన్నవరంలో వ్రతం చేయించుకుని రాత్రి కారులో విజయవాడ తిరిగొస్తున్నారు, తణుకు దాటాక హైవే మీద ఎడమ లేన్‌లోనే ఒక లారీ టైరు పంక్చరై ఆగి ఉంది, వెనక లైట్లు లేవు, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు లేవు, ఏవో నాలుగు చెట్టు కొమ్మలు రెండు రాళ్ళు పెట్టి డ్రైవరు జాకీ కోసం వెళ్ళాడట. అవతలి రోడ్డులో వచ్చే బస్సు హైబీమ్ కళ్ళల్లో కొట్టడంతో అన్నయ్యకి దగ్గరకొచ్చే దాకా లారీ కనపడలేదు, బ్రేకు వేసి కుడికి కోసినా ఎడమ సగం వెళ్ళి లారీ కింద ఇరుక్కుంది.

అన్నయ్యకి తొడ ఎముక విరిగి రాడ్ వేశారు. వదినకి చెయ్యి విరిగింది, మొహం మీద కుట్లు. అమ్మకి తుంటి ఆపరేషన్ అయింది, ఇంకా వాకర్ మీదే ఉంది. ముందు ఇద్దరూ బెల్టు పెట్టుకున్నారు, అమ్మ వెనక సీట్లో పెట్టుకోలేదు (ఎవరు పెట్టుకుంటారండీ వెనక).

ఇప్పుడు సమస్య ఏంటంటే పోలీసులు ఎఫ్ఐఆర్ మా అన్నయ్య మీదే కట్టారు, వెనక నుంచి గుద్దింది మీరే కదా అని. లారీ ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున అని ఒకాయన ఫోన్ చేసి, కేసు వేసినా తప్పు సగం సగం అంటారు, ముగ్గురికీ సగమే వస్తది, అదీ ఏళ్ళు పడతది, లోక్ అదాలత్‌లో పెట్టుకుంటే ఇప్పుడే ఇంతొస్తది అని ఒక అంకె చెప్పాడు. అది అమ్మ ఆపరేషన్ బిల్లుకి కూడా చాలదు. నా డౌటు ఒకటే, అన్నయ్య డ్రైవింగ్‌లో తప్పు ఉందనే అనుకుందాం, అమ్మకీ వదినకీ ఎందుకు కొయ్యాలి? వాళ్ళేం చేశారు?

స్టీరింగ్ శీను:
బ్రదర్ బాధగానే ఉంది గానీ వెనక నుంచి గుద్దితే వెనకోడిదే తప్పు, అది చిన్నపిల్లోడికి కూడా తెలుసు. లారీ కదల్లేదు కదా, కదలని బండిని గుద్ది అవతలోడిది తప్పంటే కోర్టులో నవ్వుతారు. ఇచ్చింది తీసుకుని వదిలెయ్యండి. మా బాబాయి కేసు ఇలాగే తిరిగి తిరిగి చెప్పులరిగాయి.

నల్లకోటు:
శీను గారూ, వెనకోడిదే తప్పు అనేది రోడ్డు పక్క పంచాయితీలో రూలు, యాక్సిడెంట్ పరిహారం కేసులు తేల్చే ట్రిబ్యునల్‌లో అలా లేదు. రాజమండ్రిలో ప్రాక్టీసు నాది, ఎంవీఓపీలు (యాక్సిడెంట్ పరిహారం పిటిషన్లు) రోజూ చూస్తుంటా, వాటిల్లో ఆగి ఉన్న లారీలవే బోలెడు.

గోదారి గాలి గారూ, మీరడిగిన ప్రశ్న కరెక్టు ప్రశ్న. ఆ ఫోన్ చేసినాయన తెలిసి చెప్పాడో తెలియక చెప్పాడో గానీ రెండు వేరు వేరు సంగతుల్ని ఒకే గాటన కట్టేశాడు. దెబ్బ తిన్నవాడి తప్పు కూడా ప్రమాదంలో కలిసి ఉంటే దాన్ని కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ అంటారు, అప్పుడు వాడి తప్పు ఎంత శాతమో అంత వాడి పరిహారంలోంచి తగ్గిస్తారు. ఇది మీ అన్నయ్యకి వర్తిస్తది. అదే దెబ్బ తిన్న మనిషి తప్పు ఏమీ లేకుండా ఇద్దరు డ్రైవర్ల తప్పు వల్ల దెబ్బ తగిలితే అది కాంపోజిట్ నెగ్లిజెన్స్, మీ అమ్మగారూ వదినగారూ ఇందులోకి వస్తారు. వీళ్ళకి కోత లేదు, పైగా ఇద్దరిలో ఎవరి దగ్గర నుంచైనా మొత్తం వసూలు చేసుకోవచ్చు. సుప్రీంకోర్టు 2015లో ఖెన్యేయ్ వర్సెస్ న్యూ ఇండియా అష్యూరెన్స్ కేసులో ఇది ఖాయంగా చెప్పేసింది, బాధితుడు ఒక్కరి మీదే వేసి మొత్తం తీసుకోవచ్చు, తర్వాత వాళ్ళలో వాళ్ళు ఎవరి వాటా ఎంతో తేల్చుకుంటారు, అది మీకు సంబంధం లేని గొడవ.

లెక్క ఊరికే ఉదాహరణకి చెప్తా, మీ కేసు అంకెలు కావు. అన్నయ్యకి మొత్తం 12 లక్షలు అని తేలి ఆయన తప్పు 30 శాతం అన్నారనుకోండి, 3 లక్షల 60 వేలు పోయి 8 లక్షల 40 వేలు వస్తది. అమ్మగారికి 8 లక్షలు అని తేలితే 8 లక్షలూ వస్తది. ఆమెకి డ్రైవింగ్ చేసినోడు కొడుకైనా, ఓలా డ్రైవరైనా లెక్క ఒకటే. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు మీకు చాలా దగ్గరది, అందులో 14 చక్రాల ట్రైలర్‌ని హైవే మధ్యలో వదిలేసి పోతే కారు వెళ్ళి గుద్దింది, కింద ట్రిబ్యునలూ హైకోర్టూ కారు డ్రైవరుది సగం తప్పని అందరి పరిహారం సగం కోసేశాయి. సుప్రీంకోర్టు ఆ కోత తీసేసింది, లైట్లూ హెచ్చరికలూ లేకుండా వదిలేసిన బండిదే బాధ్యత అంది, ఒకవేళ డ్రైవరుది తప్పున్నా దాన్ని లోపల కూర్చున్నవాళ్ళకి అంటగట్టకూడదని కూడా అంది. మీ లాయరు గారిని ఈ తీర్పు తప్పకుండా ఫైల్ చెయ్యమనండి.

అన్నయ్య సంగతి కూడా అంత తేలిగ్గా వదులుకోవద్దు. ఆర్చిత్ సైనీ కేసు అని 2018ది ఒకటుంది, రాత్రి పూట గ్యాస్ ట్యాంకర్ రోడ్డు మధ్యలో ఇండికేటర్లు లేకుండా ఆగి ఉంది, ఎదురు బండి లైటు కళ్ళల్లో పడి వ్యాన్ వెళ్ళి గుద్దింది, హైకోర్టు సగం సగం అంది గానీ సుప్రీంకోర్టు మొత్తం తప్పు ట్యాంకర్‌దే అని ట్రిబ్యునల్ చెప్పిందే నిలబెట్టింది. మీ కథలో హైబీమ్ ఉంది కదా, సరిగ్గా అదే.

కానీ రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే రేపు నన్ను తిట్టుకుంటారు. అదే 2018లో నిషాన్ సింగ్ కేసులో ముందు లారీ కదులుతూ ఉంది, వెనక కారు సరిపడా దూరం పాటించలేదని తప్పంతా కారు మీదే పెట్టారు. కాబట్టి లారీ నిజంగా ఆగి ఉందా, ఎంతసేపటి నుంచి ఉంది, లైట్లు ఉన్నాయా లేవా, దీని మీదే మీ అన్నయ్య కేసు మొత్తం నిలబడతది. లారీ డ్రైవరు రేపు బాక్సు ఎక్కి నేను మెల్లగా పోతున్నా సార్, కారు వచ్చి కొట్టింది అని చెప్తాడు చూడండి, ప్రతి వాడూ అదే చెప్తాడు.

గోదారి గాలి:
సార్ మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. మరి ఎఫ్ఐఆర్ అన్నయ్య మీద ఉంది కదా, దాని సంగతేంటి? పోలీసాయన కోర్టులో తప్పు ఒప్పేసుకుని ఫైన్ కట్టేస్తే ఒక్క రోజులో అయిపోద్ది అంటున్నాడు, అన్నయ్య కూడా కాలు ఈడ్చుకుంటూ తిరగలేను కట్టేద్దాం అంటున్నాడు. ఇంకోటి, బెల్టు విషయం మీరు చెప్పలేదు.

నల్లకోటు:
వద్దు వద్దు వద్దు. ముందు మీ అన్నయ్యకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. మేజిస్ట్రేట్ ముందు నేరం ఒప్పుకుని ఫైన్ కడితే ఆ జడ్జిమెంట్ కాపీ తెచ్చి కంపెనీ లాయరు ట్రిబ్యునల్‌లో పెట్టేస్తాడు, ఇదిగో వాడే ఒప్పుకున్నాడు అని. అదొక్కటే చూసి ట్రిబ్యునల్ తీర్పివ్వాలని లేదు గానీ దాన్ని దాటుకుని రావడం మహా కష్టం. వెయ్యి రెండు వేల ఫైనుతో పోద్దని లక్షలు పోగొట్టుకున్నవాళ్ళని ఎంతమందిని చూశానో.

ఎఫ్ఐఆర్, చార్జిషీటు అనేవి సాక్ష్యంలో ఒక ముక్క మాత్రమే, అదే ఫైనల్ కాదు. క్రిమినల్ కోర్టులో అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి, ట్రిబ్యునల్‌లో ఏది ఎక్కువ నమ్మేలా ఉందో చూస్తారు అంతే. వదినగారు పక్క సీట్లో ఉన్నారు కాబట్టి ఆమే ప్రత్యక్ష సాక్షి, ఆమె చెప్పేది చాలా బరువుంటది. దర్యాప్తు ఇంకా నడుస్తుంటే లారీ డ్రైవర్ని కూడా నిందితుడిగా చేర్చమని ఎస్పీ గారికి అర్జీ పెట్టండి, రిజిస్టర్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్ దాచుకోండి. ప్రమాదకరంగా బండి ఆపి వదిలెయ్యడం మోటారు వాహనాల చట్టం 122 సెక్షన్ ప్రకారమే తప్పు.

బెల్టు విషయం. కంపెనీవాళ్ళు తప్పకుండా లేవనెత్తుతారు. బెల్టు పెట్టుకోకపోవడం వల్ల యాక్సిడెంట్ జరగలేదు కదా, అది ముందు పాయింటు. కాకపోతే బెల్టు లేకపోవడం వల్ల దెబ్బ ఎక్కువైందని వాళ్ళు రుజువు చేస్తే కొంత తగ్గించే వీలుంది. రుజువు చెయ్యాల్సింది వాళ్ళు, ఊరికే అంటే సరిపోదు. తుంటి విరగడం బెల్టు ఉన్నా జరిగేదే అని ఆర్థో డాక్టరు గారి చేత చెప్పించగలిగితే ఆ గొడవ అక్కడితో ఆగుతది.

పాత సర్వేయర్:
నేను కంపెనీల వైపు చాలా ఏళ్ళు పని చేసిన మనిషిని, రిటైరయ్యాను కాబట్టి కాస్త స్వేచ్ఛగా చెప్తా. నల్లకోటు గారు లా చెప్పారు, నేను కాయితాలు చెప్తా. ఈ కేసులు వాదన మీద కంటే కాయితాల మీదే గెలుస్తారు.

ముందు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్ట్ తీసుకోండి. ఆయన రెండు బండ్లూ చూసి రాస్తాడు, లారీకి టెయిల్ ల్యాంప్ ఉందా, రిఫ్లెక్టివ్ టేపు ఉందా, బ్రేకులు పని చేస్తున్నాయా అని. చాలాసార్లు అందులో యాక్సిడెంట్ మెకానికల్ డిఫెక్ట్ వల్ల జరగలేదు అని ఒక్క లైను రాసి వదిలేస్తారు, టేపు గురించి ఏమీ రాయకపోతే ఆయన్నే సాక్షిగా పిలిపించి అడిగించుకోవాలి. తర్వాత స్పాట్ స్కెచ్, పంచనామా. లారీ లేన్‌లో ఉందా మార్జిన్‌లో ఉందా అనేది స్కెచ్‌లోనే తెలుస్తది. మేము మొట్టమొదట చూసేది అదే, లారీ పూర్తిగా మట్టి మార్జిన్‌లోకి దిగి ఉంటే కారువాడికి కష్టం, సగం రోడ్డు మీదుంటే మాకు కష్టం.

మూడోది ఎవరికీ తట్టదు. హైవే హెల్ప్‌లైన్ 1033 ఉంది కదా, పెట్రోలింగ్ బండ్లు తిరుగుతుంటాయి, వాళ్ళు రాసుకునే లాగ్‌లో ఫలానా కిలోమీటర్ దగ్గర లారీ బ్రేక్‌డౌన్ అని టైముతో సహా ఉండొచ్చు. ఆర్టీఐ వేసి అడగండి. లారీ రెండు గంటల నుంచి అక్కడే పడి ఉందని తేలితే డ్రైవరు మెల్లగా పోతున్నానని చెప్పే కథ అయిపోయినట్టే. లారీ ఫాస్టాగ్ రికార్డు కూడా పనికొస్తది, వెనకటి టోల్ గేటు ఎన్నింటికి దాటిందో దాన్ని బట్టి లెక్క కట్టొచ్చు.

ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (పోలీసు కేసుల) రిజిస్టర్‌లో ఏం రాశారో కాపీ తెచ్చుకోండి. స్ట్రెచర్ తోసుకుంటూ తెచ్చినవాళ్ళు ఎవరో ఏదో చెప్తే డ్యూటీ డాక్టరు అదే రాసేస్తాడు, కారు దానంతటదే డివైడర్ ఎక్కింది అని రాసి ఉన్నవి కూడా చూశాను. రక్తంలో ఆల్కహాల్ టెస్టు చేసి ఉంటే ఆ కాయితం మీకు లాభం, వ్రతం నుంచి వస్తున్నారు కాబట్టి.

కారు రిపేరు డబ్బు వేరే సంగతి. అన్నయ్యకి ఫుల్ పాలసీ ఉంటే తప్పెవరిదైనా కారు డ్యామేజీ సొంత కంపెనీయే ఇస్తది, డిప్రిసియేషన్ పోను, నో క్లెయిమ్ బోనస్ పోతది అంతే. దాన్నీ దీన్నీ కలపొద్దు. కారు స్క్రాప్‌కి ఇచ్చెయ్యకముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి ఉంచండి, ఎడమ వైపు మాత్రమే నలిగిందంటే చివరి క్షణంలో కుడికి కోశాడు అని, అంటే అప్రమత్తంగానే ఉన్నాడని చెప్పుకోవచ్చు.

ఆష్‌బర్న్ ఆవకాయ:
థ్రెడ్ పక్కదారి పట్టిస్తున్నందుకు సారీ, కానీ ఇది చదువుతుంటే ఇండియా లా ఎంత నయమో అనిపిస్తోంది. అమెరికాలో మా వర్జీనియాలో దెబ్బ తిన్నవాడిది ఒక్క శాతం తప్పున్నా ఎదుటివాడి నుంచి ఒక్క డాలర్ రాదు, మేరీలాండ్, నార్త్ కరోలినా, అలబామాలో కూడా ఇదే. మా కజిన్ ఉండే టెక్సాస్‌లో 50 శాతం దాకా ఎంత తప్పో అంత తగ్గిస్తారు, అది దాటితే సున్నా. కాలిఫోర్నియాలో 90 శాతం తప్పు నీదైనా మిగతా 10 వస్తది. ఒకే దేశంలో గీత దాటితే రూలు మారిపోతది. ఇక్కడికి కొత్తగా వచ్చే పిల్లలకి ఇది ఎవరూ చెప్పరు, యాక్సిడెంట్ అవ్వగానే మర్యాదకి సారీ సారీ అనేస్తారు, అవతలి ఇన్సూరెన్స్ అడ్జస్టర్‌కి ఫోన్లో నేను కూడా కొంచెం చూసుకోలేదు అని చెప్పేస్తారు, ఆ కాల్ రికార్డవుతుంది. వర్జీనియాలో ఆ ఒక్క ముక్క చాలు.

స్టీరింగ్ శీను:
ఓహో ఇంత ఉందా. సరే అయితే నల్లకోటు గారూ, మా ఫ్రెండ్ బైక్ మీద ముగ్గురు పోతుంటే కారు కొట్టింది, లైసెన్స్ కూడా లేదు వాడికి. వాడిది మొత్తం పోయినట్టేనా?

నల్లకోటు:
ముగ్గురు ఎక్కడం ట్రాఫిక్ తప్పు, చలానా వేరే. కానీ ముగ్గురు ఎక్కడం వల్లే ప్రమాదం జరిగిందనో, దాని వల్లే దెబ్బ పెద్దదైందనో తేలకపోతే పరిహారం కొయ్యడానికి లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. లైసెన్స్ లేకపోవడం కూడా అంతే, లైసెన్స్ లేనంత మాత్రాన ప్రమాదంలో తప్పు వాడిదని కాదు. కానీ డ్రైవింగ్‌లో కూడా తప్పు కనిపిస్తే రెండూ కలిసి మెడకి చుట్టుకుంటాయి. 2025లో వచ్చిన కోయంబత్తూరు కేసు చూడండి, హైవే మీద కారు సడన్ బ్రేక్ వేసింది, వెనక బైక్ కుర్రాడు దాన్ని గుద్ది రోడ్డు మీద పడ్డాడు, వెనకొచ్చే బస్సు ఎక్కి కాలు పోయింది. సుప్రీంకోర్టు కారుకి 50, బస్సుకి 30, కుర్రాడికి 20 శాతం వేసింది, దూరం పాటించలేదు, లైసెన్స్ లేదు అని. అదే కేసులో కింద ట్రిబ్యునల్ కారుది అసలు తప్పే లేదంది, హైకోర్టు కుర్రాడికి 30 వేసింది. అంటే ఒకే సాక్ష్యం మూడు కోర్టుల్లో మూడు రకాలుగా పలికింది. ఈ శాతాలకి ఫార్ములా ఏమీ లేదు శీను గారూ, జడ్జి గారికి ఆ రోడ్డు మీద ఏం జరిగిందో కళ్ళకి కట్టేలా చూపించగలిగితే తగ్గుతది, లేకపోతే సగం సగం అని రాసేసి ఫైలు మూసేస్తారు, అది వాళ్ళకి తేలిక.

గోదారి గాలి:
అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పేశాను, ఫైన్ కట్టడంలేదు. వదిన ఫోన్‌లో వెతికితే 108 వచ్చేలోపు వెనక ఆగిన ఎవరో తీసి పంపిన ఫోటో ఒకటి దొరికింది, లారీ వెనక భాగం, కొమ్మలు, రోడ్డు మీద తెల్ల గీత కనపడుతున్నాయి, లారీ చక్రం ఆ గీతకి లోపల రోడ్డు వైపే ఉంది, లైటు ఒక్కటీ వెలగట్లేదు. ఇంక రెండు చిన్న ప్రశ్నలు. కేసు తణుకులోనే వెయ్యాలా? అన్నయ్య సొంత కారు ఇన్సూరెన్స్‌ని కూడా పార్టీ చెయ్యాలా, అలా చేస్తే అమ్మ కొడుకు మీదే కేసు వేసినట్టు అవదా? అమ్మ ఆ మాట వినగానే ఏడుస్తోంది, నా కొడుకుని కోర్టుకి లాగుతారా అని.

నల్లకోటు:
ఆ ఫోటో బంగారం. ఒరిజినల్ ఫైలు డిలీట్ చెయ్యొద్దు, వాట్సాప్‌లో వచ్చినదైతే పంపినాయన నంబరు సేవ్ చేసుకుని ఆయన్ని సాక్షిగా రమ్మని ఇప్పుడే మాట్లాడుకోండి, ఆర్నెల్ల తర్వాత ఆయన ఫోన్ ఎత్తడు.

తణుకులోనే వెయ్యక్కర్లేదు, మీరు ఉండే ఊళ్ళో వెయ్యొచ్చు, విజయవాడలోనే వేసుకోండి. కానీ ఆరు నెలల్లోపు వెయ్యాలి, 2022 ఏప్రిల్ నుంచి ఆ గడువు ఉంది, మీకు సగం అయిపోయింది.

అమ్మగారికి నెమ్మదిగా చెప్పండి, కాగితం మీద కొడుకు పేరు ఉన్నా డబ్బు ఇచ్చేది కంపెనీ. ఆమె, వదినగారు ఇద్దరూ రెండు కంపెనీలనీ పార్టీ చెయ్యడమే మంచిది, అప్పుడు తప్పు మొత్తం లారీదన్నా, మొత్తం కారుదన్నా, సగం సగమన్నా వాళ్ళకి రావాల్సింది ఆగదు. అయితే అన్నయ్య పాలసీ ఏంటో ముందు చూడండి. వట్టి థర్డ్ పార్టీ పాలసీ అయితే ప్రైవేటు కారులో కూర్చున్నవాళ్ళకి మామూలుగా కవర్ ఉండదు, ప్యాకేజీ పాలసీ (ఫుల్ పాలసీ) అయితే ఉంటది. వట్టి థర్డ్ పార్టీ అని తేలితే మాత్రం అన్నయ్యని కలపాలా వద్దా అనేది మీ లాయరుతో కూర్చుని తేల్చుకోండి, ఎందుకంటే అప్పుడు ఆయన వాటా ఆయన జేబులోంచే అడుగుతారు.

అన్నయ్య మాత్రం తన కారు కంపెనీ మీద థర్డ్ పార్టీ క్లెయిమ్ వెయ్యలేడు, లారీ కంపెనీ మీదే వెయ్యాలి. 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంది కదా అని ఎవరో ఒకరు చెప్తారు, అది ప్రాణం పోతేనో, చెయ్యో కాలో కన్నో పూర్తిగా పోతేనో, శాశ్వతంగా మంచాన పడితేనో ఇచ్చేది, రాడ్ వేసిన ఫ్రాక్చర్‌కి రాదు.

ముగ్గురికీ మూడు వేరు వేరు ఓపీలు వేయించండి, మూడూ ఒకే ట్రిబ్యునల్‌లో కలిపి విచారిస్తారు. ఒక్క పిటిషన్‌లో అందర్నీ కలిపి రాస్తే అన్నయ్య శాతం గొడవ మిగతా ఇద్దరికీ అంటుకుంటది.

పాత సర్వేయర్:
ఆ ఫోన్ చేసినాయన మళ్ళీ చేస్తాడు, ఈసారి అంకె కొంచెం పెంచి. లోక్ అదాలత్ చెడ్డదని నేను అనను, మంచి కాయితాలు చేతిలో ఉంటే అక్కడే తొందరగా తేలిపోద్ది. కానీ అక్కడ సంతకం పెట్టాక దాని మీద అప్పీలు ఉండదు. అమ్మగారిదీ వదినగారిదీ సగానికి ఒప్పుకోమంటే మాత్రం, వాళ్ళ తప్పు శాతం ఎంతో కాయితం మీద రాసి ఇవ్వమని అడగండి. రాయడు.

గోదారి గాలి:
హహ అదే అడుగుతా సార్. రేపు పొద్దున్నే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి వెళ్తున్నా, ఆర్టీఐ దరఖాస్తు కూడా రాసి పెట్టుకున్నా. కాపీలు వచ్చాక ఇక్కడే పెడతా, పేర్లు కొట్టేసి.